రూతమ్మ పక్కన చోటు

సంతోష్‌నగర్,
జూన్ 3

ఆగమ్మ టీచర్ గారికి నమస్కారాలు.

నా పేరు కీర్తిప్రియ. మొన్న ఆదివారం మీ ఇంటికి వచ్చిన అమ్మాయిని నేనే. గేటు తీయకుండానే మీరు, "ఏం కావాల్నో కాయితం మీద రాసి పంపు. ఫోన్ల మాట్లాడిన మాట రేపు నేననలేదంటే అయిపోతది" అన్నారు. అందుకే రాస్తున్నాను. మీ ఇంటికీ మా ఇంటికీ ఆటోలో పది నిమిషాలు పట్టదు. ఈ ఉత్తరం మాత్రం ఎన్ని పోస్టాఫీసులు తిరిగి మీ చేతికి వస్తుందో తెలియదు.

మీ అడ్రసు నాకు సమాధుల తోట కాపలా మనిషి మల్లన్న చెప్పాడు. దయచేసి ఆయన్ను ఏమీ అనకండి, నేనే బతిమాలి రాయించుకున్నాను.

విషయం ఇది. నిజాం కాలంలో పాత బస్తీలో పనిచేసిన నర్సమ్మల వివరాలు పోగుచేస్తున్నాను. మిషన్ ఆసుపత్రిలో తెల్ల డాక్టరమ్మ దగ్గర పని నేర్చుకుని, ఆడవాళ్ళు గడప దాటని ఇళ్ళకు పోయి పురుళ్ళు పోసిన రూతమ్మ గారి గురించి ఒకరి ద్వారా విన్నాను. ఆమె మీ భర్త ప్రకాశం గారికి నానమ్మ అని తెలిసింది. ఆమె ఎక్కడి మనిషి, ఎవరి బిడ్డ, ఆమె జీవితం ఎలా గడిచింది, మీకు తెలిసినంత రాయగలరా? ముఖ్యంగా పిల్లల సంగతి. ఎంతమంది పుట్టారు, ఎవరెవరు మిగిలారు అన్నది కావాలి. ఫోటో ఏదైనా ఉంటే ఒకసారి చూసి ఇచ్చేస్తాను.

ఇందులో నాకు వేరే ఉద్దేశం ఏమీ లేదు.

ఇట్లు,
కీర్తిప్రియ


మాదన్నపేట,
జూన్ 15

కీర్తిప్రియ గారికి,

ఉత్తరం అందింది. మిషన్ స్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. అడగకముందే "వేరే ఉద్దేశం ఏమీ లేదు" అనే పిల్లలను మస్తుగా చూశాను. కిటికీ అద్దం పగలగొట్టినవాడే ముందుగా వచ్చి, నేను కాదు టీచర్ అనేవాడు.

మీరు ఎవరి బిడ్డ? మీ నాన్న ఎవరు, ఏం పని చేస్తాడు? అదేమీ రాయకుండా మా ఆయన నానమ్మ ఎవరి బిడ్డో చెప్పమని నన్నడుగుతున్నారు. "ఒకరి ద్వారా విన్నాను" అంటున్నారు. ఎవరా ఒకరు? రూతమ్మ గారు పోయి అరవై ఏళ్ళు దాటింది. ఆమె పేరు తలిచేది ఈ భూమ్మీద నేనొక్కదాన్నే అనుకుంటున్నాను.

సూటిగా అడుగుతాను. మీకు సమాధి కావాలా?

ఆశ్చర్యపోయినట్టు రాయకండి. మా తోటలో చోటు అయిపోయిందని తెలియనివారు లేరు. కొత్త గుంత తవ్వడానికి జానెడు జాగా లేదు. ఎవరైనా పోతే వాళ్ళ కుటుంబానికి ముందు నుంచీ ఉన్న సమాధినే తెరిచి, అందులో పెడతాం. కింద అత్త, పైన కోడలు, అట్లా. రక్తసంబంధం ఉన్నవాళ్ళకు మొదటి హక్కు, తర్వాతే కోడళ్ళకూ అల్లుళ్ళకూ. ఈ పద్ధతి వచ్చినప్పటి నుంచీ ఎక్కడెక్కడి వాళ్ళకో ఉన్నట్టుండి ముత్తాతలు గుర్తొస్తున్నారు. పోయినేడు ఒకాయన వరసగా నాలుగు సమాధులు చూపించి, అన్నిటికీ నేనే మనవణ్ణి అన్నాడు. కమిటీలో పెద్ద లొల్లి అయింది.

రూతమ్మ గారి సమాధిలో మా ఆయన ఉన్నాడు. ఇంక అందులో ఒక్కరికే చోటుంది. అది నాది. మాకు పిల్లలు లేరు. ఉంటున్న ఇల్లు కిరాయిది. నాదని గట్టిగా చెప్పుకోవడానికి ఆయన పక్కన ఆ ఆరడుగులే ఉన్నాయి. దాని మీద ఎవరి కన్ను పడినా నేను ఊరుకోను.

ఈ మధ్య ఆ సమాధి ఫోటోలు ఎవరో తీశారని తెలిసి మల్లన్నను నిలదీశాను. "ఎవలో పిల్ల వచ్చింది టీచరమ్మా. మంచిగనే మాట్లాడింది. పూలు గూడ వెట్టిపోయింది" అన్నాడు. ఎవరికీ పుట్టని ప్రేమ మీకెందుకు పుట్టింది?

జవాబు రాసేటట్టయితే అన్నీ రాయండి. సంతకం కింద ఇంటిపేరు కూడా పెట్టండి.

ఆగమ్మ


సంతోష్‌నగర్,
జూన్ 27

టీచర్ గారికి,

మీ ఉత్తరం చదివి సిగ్గేసింది. నర్సమ్మల వివరాలు పోగుచేస్తున్నానన్నది అబద్ధం. ఫోటోలు తీసింది, పూలు పెట్టింది నేనే. క్షమించండి.

మా నాన్న పేరు వైకుంఠం. పత్తర్‌గట్టిలో మాకు చీరల దుకాణం ఉంది. అది మా నానమ్మ నాగమణమ్మ వాళ్ళ నాన్న పెట్టిన దుకాణం. ఆయనకు నానమ్మ ఒక్కతే బిడ్డ, అందుకని తాతయ్యే ఇల్లరికం వచ్చాడు. నేను చెప్పిన ఆ "ఒకరు" మా నానమ్మే. ఆమెకు ఎనభై ఆరేళ్ళు.

నానమ్మకు ముందు వాళ్ళమ్మకు నలుగురు పిల్లలు పుట్టి పుట్టినట్టే పోయారట. ఐదో కాన్పుకు రూతమ్మ గారిని పిలిపించారు. మా పెద్దవాళ్ళలో ఒక ఆచారం ఉండేది, మీకు తెలుసో లేదో. పిల్లలు దక్కని ఇంట్లో బిడ్డ పుడితే ఎవరి కంటా పడకముందే చాటలో పండబెట్టి, బట్ట కప్పి, పురుడు పోసిన మనిషికి ఇచ్చేస్తారు. ఆమె నా బిడ్డే అని తన ఇంటికి తీసుకుపోతుంది. ఇరవై ఒకటో దినం మళ్ళీ తెస్తే, తల్లి చాటెడు తవుడు పోసి ఆ బిడ్డను కొనుక్కుంటుంది. కొనుక్కున్న బిడ్డ జోలికి మృత్యువు రాదని నమ్మకం. తవుటయ్య, భిక్షపతి అని పేర్లు పెట్టేది అందుకే. మా నానమ్మను కూడా చిన్నప్పుడు తవుటమ్మ అనే పిలిచేవాళ్ళట.

ఆ తర్వాత రూతమ్మ గారు ఏడాదికోసారి దుకాణానికి వచ్చేదట. ఒక్క రవిక గుడ్డ కొనేదట, అంతకు మించి ఏమీ కొనేది కాదట. "ఏం మాట్లాడకపోతుండె బిడ్డా. నా జుట్టు చెవెన్కకు సదిరి, గట్లనే నిలవడి సూసి పోతుండె" అని నానమ్మ ఇప్పటికీ చెప్తుంది.

నానమ్మకు మంచం దిగడం కష్టమైంది. రూతమ్మ గారి సంగతులు ఎవరైనా చెప్తే వినాలని ఉందంటోంది. ఆ సమాధి ఒక్కసారి చూడాలంటోంది. అంతకు మించి ఏమీ లేదు. సమాధి మాకెందుకు టీచర్ గారూ? మేం దహనం చేసేవాళ్ళం.

పబ్బ కీర్తిప్రియ


మాదన్నపేట,
జూలై 11

అమ్మాయీ,

ఇంటిపేరుతో సహా రాశావు కాబట్టి నువ్వు అంటున్నాను. నా దగ్గర చదివిన పిల్లల వయసే నీది.

రూతమ్మ గారిది మెదక్ పక్క ఊరు. కరువులో తల్లిదండ్రులు ఆమెను వెంటబెట్టుకుని మిషన్ గంజి కేంద్రానికి వచ్చారు, అక్కడే ప్రభువును నమ్ముకున్నారు. పిల్ల చురుగ్గా ఉందని డాక్టరమ్మ చేరదీసి పని నేర్పింది. ఇంగ్లీషు మాట్లాడేది, ఉర్దూ అయితే నవాబుల ఇళ్ళల్లో ఆడవాళ్ళు నోరెళ్ళబెట్టేటట్టు మాట్లాడేదట. ఆమె భర్త డాక్టరమ్మ జట్కా తోలేవాడు. కలరాలో పోయాడు. అప్పటికి ఆమె కడుపుతో ఉంది, చంకలో మా మామ ఉన్నాడు. మా మామ పెద్దయ్యాక రైల్వేలో చేరాడు. ఆయనా మా అత్తా కాజీపేటలోనే పోయారు, అక్కడి సమాధుల తోటలోనే ఉన్నారు. రూతమ్మ గారు నల్లగా, పొడుగ్గా ఉండేదట. తలలో పువ్వు పెట్టేది కాదు గానీ చీర కుచ్చిళ్ళు ఒక్కటి అటూ ఇటూ పోతే ఊరుకునేది కాదు. ఫోటో లేదు. ఉన్నదొక్కటీ చెద పట్టి పోయింది.

భర్త పోయాక పుట్టిన ఆడపిల్ల మార్తా. నెల తిరగకుండానే చనిపోయింది. ఆ సమాధిలో మొదట పెట్టింది ఆ పిల్లనే, రాతి మీద పేరుంది, చూసే ఉంటావు. మీ నానమ్మకు ఇంత మటుకు చదివి వినిపించు. ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోమను.

ఇంతవరకూ రాసి కవరు అంటించబోతుంటే మల్లన్న వచ్చాడు.

మీ తమ్ముడు మనీష్ అట. కమిటీ ఆఫీసుకు వచ్చి, "రూతమ్మ సమాధి రాయి పలిగింది. మేం పాలరాయి ఏయిస్తం. ఇంకొక పేరు రాసేటంత జాగ వదలాలె" అన్నాడట. మా తోటలో రాయి వేయించినవాళ్ళదే సమాధి. కాగితం మీద లేకపోయినా అందరూ ఒప్పుకున్న లెక్క అది. మేం దహనం చేసేవాళ్ళం అని రాసిన చెయ్యి నీది. మరి ఆ ఇంకొక పేరు ఎవరిది? ఎంత తీయగా రాశావు అమ్మాయీ! నేను దాదాపు నమ్మాను.

పై పేజీలు చింపేద్దామనుకున్నాను. చనిపోయిన ఆమె సంగతులు కదా అని చేతులు రాలేదు.

ఆగమ్మ


సంతోష్‌నగర్,
జూలై 24

టీచర్ గారికి,

మీ మీద ఒట్టు, పాలరాయి సంగతి నాకు తెలియదు. మనీష్‌ను పట్టుకుని అడిగితే ముందు నీళ్ళు నమిలాడు. తర్వాత, "నానమ్మనే పంపింది అక్కా. నీకు చెప్పొద్దన్నది. నువ్వు వద్దంటవని" అన్నాడు.

వీధిలో బోనాల డప్పుల మోత, ఇంట్లో ఎవరూ లేరు. నానమ్మ పక్కన కూర్చుని అడిగాను. గోడ వైపు తిరిగింది. తర్వాత ఒకటే మాట అంది. "నన్ను కాల్చొద్దు బిడ్డా. ఆమె పక్కన పండవెట్టుండ్రి. ఆమెనే నన్ను కన్నది."

వాళ్ళమ్మ చివరి రోజుల్లో నానమ్మ చెయ్యి పట్టుకుని, "అందరు ఉత్తుత్తగ కొంటరు. నేను నిన్ను నిజంగనే కొన్ననే" అని చెప్పిందట. ఇంకేం అడిగినా చెప్పకుండా కళ్ళు మూసిందట. ఆ మాటను నానమ్మ యాభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పకుండా మోస్తోంది.

నాన్నకు తెలిసి ఇల్లు ఎగిరిపోయేటట్టు అరిచాడు. ఆయన భయం వేరు. దుకాణం నానమ్మ వాళ్ళ నాన్నది. ఆమె ఆయన రక్తం కాదని తేలితే దాయాదులు తెల్లారేసరికి కోర్టుకెక్కుతారు. "నలభై ఏండ్ల సంది ఆ గద్దె మీద గూసున్న. ఇప్పుడు దిగుమంటవా అమ్మా?" అని నానమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. నాన్న ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

ఇదంతా మీకు రాయకూడదు. మీరు తలుచుకుంటే దీన్ని మా మీదికే తిప్పవచ్చు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే మీరు కూడా నాకు అన్నీ చెప్పలేదు.

కరువు నుంచి జట్కా దాకా, చీర కుచ్చిళ్ళతో సహా రాశారు. మార్తా దగ్గరికి వచ్చేసరికి రెండు ముక్కల్లో తేల్చేశారు. నేను తీసిన ఫోటో మళ్ళీ చూశాను. రాతి మీద మార్తా పేరు కింద 1939 మార్చి అని ఉంది. మా నానమ్మ పుట్టింది అదే ఏడు, హోళీ మర్నాడు. ఒక బిడ్డ చాటలో రూతమ్మ గారి ఇంటికి పోయిన నెలలోనే ఆ ఇంట్లో ఒక బిడ్డ చనిపోయింది. పోయింది ఎవరు టీచర్ గారూ? మీకు తెలుసు. తెలిసే దాస్తున్నారు.

కీర్తిప్రియ


మాదన్నపేట,
ఆగస్టు 9

వైకుంఠం గారి అమ్మాయికి,

నిన్న మీ నాన్న వచ్చాడు. పొద్దున కూరగాయల మార్కెట్ నుంచి తిరిగి వస్తుంటే గేటు దగ్గర కారు ఆపుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో చీరల డబ్బాలు. బస్తీ అంతా చూస్తోంది.

"అక్కా, మా అమ్మకు మతి సక్కగ లేదు. ఎవలడిగినా ఆ పిల్ల సచ్చిపోయిందనే చెప్పుండ్రి. మీకేం కావాల్నన్నా నేను జేస్త" అన్నాడు. "ఆ పిల్ల చచ్చిపోయిందనే కదయ్యా రాతి మీద ఉంది. ఉన్నది చెప్పడానికి నాకు చీరలెందుకు?" అన్నాను. డబ్బాలు గోడ మీద పెట్టి వెళ్ళిపోయాడు. మల్లన్నతో దుకాణానికి తిప్పి పంపాను.

మీ ఇంట్లో ఒకరు రాయి వేయిస్తామంటారు, ఒకరు నోరు మూయిస్తామంటారు, ఒకరు ఉత్తరాలు రాసి కూపీ లాగుతారు. ఎవరి చేతిలో ఏముందో నాకు అర్థం కావడం లేదు. ఒకటి మాత్రం అర్థమైంది. నేను ఒక మాట అంటే మీ దుకాణం పోతుంది. నువ్వు ఒక మాట రుజువు చేస్తే నా చోటు పోతుంది. రూతమ్మ గారి కడుపున పుట్టిన మనిషి బతికే ఉంటే, కోడలినైన నా ముఖం కమిటీలో ఎవరు చూస్తారు?

కాబట్టి ఇద్దరం ఊరుకుంటే ఇద్దరికీ మంచిది. ఇక రాయకు.

ఆగమ్మ


సంతోష్‌నగర్,
సెప్టెంబరు 20

టీచర్ గారికి,

రాయొద్దన్నారు. నెలకు పైగా రాయలేదు.

నానమ్మకు ఊపిరి అందక ఆసుపత్రిలో పెట్టాం. ఇంటికి తెచ్చాం గానీ ఇక ఎక్కువ రోజులు ఉండదని డాక్టర్ చెప్పాడు. పొద్దున లేవగానే, "టీచరమ్మ ఏం రాసింది?" అని అడుగుతుంది. పోస్టు ఆలస్యమవుతోందని చెప్తున్నాను. నిన్న, "మాదన్నపేట కెల్లి సంతోష్‌నగర్‌కు గింత లేటా?" అంది. నాకు ఏడుపొచ్చింది.

చోటు సంగతి నేను మాట్లాడను. అది నా చేతిలో లేదు. మీకది ఎంత ముఖ్యమో నాకు అర్థమైంది, నిజంగా అర్థమైంది. ఒక్కటే అడుగుతున్నాను. రూతమ్మ గారు మా నానమ్మకు తల్లా, కాదా? కాదంటే కాదని రాయండి. అదే చదివి వినిపిస్తాను. మీరు ఏది రాస్తే అది నమ్ముతుంది, ఎందుకంటే అడగడానికి ఇంకెవరూ మిగల్లేదు.

కీర్తిప్రియ


మాదన్నపేట,
అక్టోబరు 6

బిడ్డా కీర్తీ,

నీ ఉత్తరం వచ్చి రెండు వారాలైంది. కాదు అని రాద్దామని మూడుసార్లు కాగితం తీశాను. ఒక్క మాటే కదా, ఎవరు చూడొచ్చారు, అనుకున్నాను. ఏది రాస్తే అది నమ్ముతుందన్నావు చూడు, అక్కడ నా చెయ్యి ఆగిపోయింది. అంత నమ్మే మనిషికి అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు.

మీ నానమ్మ అనుకున్నదే నిజం. ఇది రూతమ్మ గారు తన కోడలికి, అంటే మా అత్తకు చెప్పింది. అత్త నాకు చెప్పింది. మీ నానమ్మకు నెమ్మదిగా చదివి వినిపించు.

ఆ రోజు మీ ఇంట్లో పుట్టిన బిడ్డ గంటలోపే రూతమ్మ గారి చేతుల్లో కన్ను మూసింది. గదిలో తల్లి, ఈమె, ఇద్దరే ఉన్నారు. బయట చాట, బట్ట సిద్ధంగా పెట్టుకుని అందరూ కూర్చున్నారు. ఆ తల్లి రూతమ్మ గారి కాళ్ళు పట్టుకుని, "ఈసారి గూడ ఖాళీ చేతులతోని బయటికొస్తే నా మీదికి ఇంకొకతెను తెస్తరు. నన్ను బావిల పడమంటవా?" అని ఏడ్చిందట. రూతమ్మ గారికి అప్పుడు ఇంట్లో వారం రోజుల పసిపిల్ల. భర్త పోయి మూడు నెలలు. డాక్టరమ్మ తన దేశం వెళ్ళిపోతుందని, పని ఉంటుందో ఊడుతుందో అని ఆసుపత్రిలో గుసగుసలు.

బిడ్డను చాటలో పెట్టి, బట్ట కప్పి, అందరి ముందు నుంచే తీసుకుపోయింది. ఎవరూ బట్ట ఎత్తలేదు. ఎత్తొద్దన్నదే మీ ఆచారం కదా. ఇంటికి పోయి, నా బిడ్డ మార్తా పోయిందని చెప్పింది. ఆ బిడ్డను మార్తా పేరుతో మా తోటలో పూడ్చారు. ఇంట్లో ఉన్న తన బిడ్డను చూపించి, ఇది సేఠ్ గారి బిడ్డ, ఇరవై ఒకటో దినం దాకా నా దగ్గర ఉంటుంది అని బస్తీకి చెప్పింది. అన్నాళ్ళూ తన బిడ్డకే పరాయి బిడ్డ అని చెప్పుకుంటూ పాలిచ్చింది. ఆ తర్వాత తీసుకువచ్చి మీ వాళ్ళకిచ్చింది.

అమ్ముకుందని మాత్రం అనుకోవద్దని చెప్పు. ఆ తల్లి మెడలో గొలుసు తీసి చేతిలో పెట్టబోతే రూతమ్మ గారు వెనక్కి జరిగిందట. "బంగారం ముట్టుకుంటే అమ్మినదాన్నయిత. తవుడు పొయ్యుండ్రి చాలు" అన్నదట. తవుడు కొంగులో పోసుకుని ఇంటికొచ్చి, రొమ్ములు సలపరిస్తుంటే పాలు పిండి పారబోసుకుంటూ ఏడ్చిందట. ఎందుకిచ్చినవు అని మా అత్త అడిగితే, "ఆమె నలుగురిని పోగొట్టుకున్నది. ఐదోది నా చేతులల్ల పోయె. ఉత్త చేతులతోని ఎట్ల బయటికి వద్దును?" అన్నదట. ఏడాదికోసారి రవిక గుడ్డ కొనడానికి ఎందుకు వచ్చేదో ఇక నేను చెప్పక్కర్లేదు.

మార్తాకు, అంటే మీ నానమ్మకు, బాప్తిస్మం అయింది. పుట్టిన మూడో నాడే డాక్టరమ్మ ఇప్పించింది. అందుచేత ఆమెను మా తోటలో పెట్టడం తప్పేమీ కాదు. దీంతో పాటు కమిటీకి ఒక కాగితం రాసి, సంతకం పెట్టి పంపుతున్నాను. రూతమ్మ గారి సమాధిలో మిగిలిన చోటు మా పెద్దమ్మకు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదని రాశాను. రూతమ్మ కూతురని ఎక్కడా రాయలేదు. మా ఆయనకు మేనత్త అంటే నాకు తల్లి వరసే కదా, పెద్దమ్మ అంటే అబద్ధమేమీ కాదు. దుకాణం గురించి మీ నాన్నకు ఫికర్ పడొద్దని చెప్పు. ఆయన నన్ను గేటు దగ్గర అక్కా అన్నాడు. తెలియక అన్నా వరస సరిగ్గా సరిపోయింది.

ఏడవలేదని రాస్తే అబద్ధమవుతుంది. ఊరవతల కొత్త తోట ఒకటి తీశారు, నన్ను అక్కడికి తీసుకుపోతారు. ప్రకాశం ఇక్కడ, నేనక్కడ. ఆయనకు కోపమొస్తుందేమో. కానీ తల్లి దగ్గరికి బిడ్డ వస్తానంటే మధ్యలో నేనెవరిని చెప్పు.

ప్రభువు మిమ్మల్ని కాపాడు గాక.

ఆగమ్మ


సంతోష్‌నగర్,
నవంబరు 2

ఆగమ్మ అత్తమ్మకు,

వరస మీరే చెప్పారు కాబట్టి ఇక అత్తమ్మనే అంటాను.

నానమ్మ మొన్న గురువారం పొద్దున పోయింది. నొప్పి లేకుండానే పోయింది. పురానాపూల్ దగ్గర దహనం చేశాం. నాన్న తలకొరివి పెట్టాడు. మీకు కబురు చేయలేదని కోపం తెచ్చుకోకండి, నానమ్మే వద్దంది. ముందు ఈ ఉత్తరం రాసి, ఆ తర్వాతే మీ ముఖం చూడమంది.

మీ కాగితం ఈ కవరులోనే తిరిగి పంపుతున్నాను. కమిటీకి ఇవ్వలేదు. ఆ చోటు మీదే.

మీ ఉత్తరం వచ్చిన రోజు మధ్యాహ్నం చదివి వినిపించాను. నాన్న గుమ్మంలో నిలబడి విన్నాడు. లోపలికి రాలేదు, వెళ్ళిపోనూ లేదు. పాలు పారబోసుకున్న సంగతి చదువుతున్నప్పుడు నానమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. మళ్ళీ చదవమంది. చదివాను. "సూసినవా, నన్ను అమ్ముకోలే" అంది. ఎంత సంతోషపడిందో అత్తమ్మా, ముఖమంతా వెలిగిపోయింది. మీకు వెయ్యి దండాలు పెట్టమంది. పెద్దమ్మ అని రాశారని చెప్తే, "నాకొక బిడ్డ దొరికింది" అని నవ్వింది.

మీ కాగితం ఆమె చేతిలో పెట్టి, "చోటు కూడా ఇచ్చేశారు నానమ్మా. ఇక నీ ఇష్టం, నాన్న కూడా ఏమీ అనడు" అన్నాను. నాన్న తల దించుకుని నిలబడ్డాడు. నానమ్మ కాగితం వైపు చూడలేదు. "మరి ఆ పిల్లో?" అంది. నాకు అర్థం కాలేదు. "చాటల పోయిన పిల్ల బిడ్డా. ఆ పిల్ల సంగతి ఎవలన్న అడిగిండ్రా?" అంది. నేను అడగలేదు. ఇన్ని నెలలుగా అన్నీ తవ్వి తీస్తున్నదాన్ని, ఆ పిల్ల గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

సాయంత్రం నాన్నను, మనీష్‌ను, నన్ను ముగ్గుర్నీ కూర్చోబెట్టి, తనను దహనమే చేయాలని ఒట్టు వేయించుకుంది. నేను ఉండబట్టలేక, ఇన్ని రోజులు మట్టిలో పెట్టమని అంత పట్టుబట్టి ఇప్పుడిదేంటి నానమ్మా అన్నాను. ఆమె అన్న మాట అన్నట్టే రాస్తున్నాను.

"ఆ పిల్ల తల్లి ఒడిల నేను పండుకున్న. ఆ పిల్లకు వెట్టాల్సిన పేరు నేను వెట్టుకున్న. ఆ పిల్ల ఇంట్ల పెరిగిన, ఆ పిల్లకు జెయ్యాల్సిన పెండ్లి నాకు జేసిండ్రు, దాని దుకాణం నా కొడుకుకొచ్చింది. దానికి దక్కింది మా అమ్మ పక్క ఒక్కటే. ఇప్పుడు నేను వోయి ఆడ గూడ జరుగు అంటనా?"

మీ మేనకోడలు,
కీర్తి